విశ్వవిద్యాలయ క్రీడల సారథి – ప్రిమో నెబియోలో

పుస్తకమును, ఆటస్థలమును పరస్పర శత్రువులుగా భావించు పెద్దలు నేటికిని మన మధ్య కలరు. పరీక్షలు సమీపించగానే బంతిని దాచివేయని ఇల్లు అరుదు. అట్టి విద్యను, క్రీడను ఒకచోట చేర్చి, ప్రపంచ విద్యార్థులను ఒకే మైదానమునకు రప్పించిన వారిలో ఇటలీ దేశీయుడైన ప్రిమో నెబియోలో ముఖ్యులు. ఆయన జీవితము మనకొక ఆదర్శము. ఒక హెచ్చరిక కూడ.

1923వ సంవత్సరము మే నెలలో ఫ్రెంచి దేశీయుడు జాన్ పెతిజాన్ కృషి ఫలితముగా పారిస్ నగరమున మొదటి అంతర్జాతీయ విశ్వవిద్యాలయ పోటీలు జరిగినవి. అదే సంవత్సరము జులై 14న ట్యూరిన్ నగరమున నెబియోలో జన్మించినారు. యౌవనమున ఆయన లాంగ్ జంప్ క్రీడాకారుడు. యుద్ధానంతరము తన నగరములోని విశ్వవిద్యాలయ క్రీడాసంఘ నిర్వహణకు పూనుకొన్నారు.

అది ప్రపంచము రెండు శిబిరములుగా చీలిన కాలము. 1949లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయ క్రీడా సమాఖ్య ఏర్పడినను, తూర్పు దేశముల విద్యార్థులు వేరుగా, పశ్చిమ దేశములవారు వేరుగా పోటీలు జరుపుకొనుచుండిరి. 1957లో పారిస్‌లో ఉభయులును కలిసి ఆడిరి. ఆ కలయికను స్థిరపరచిన ఘనత ట్యూరిన్‌కు దక్కినది. 1959లో నెబియోలో సారథ్యమున అక్కడ 45 దేశములకు చెందిన దాదాపు వెయ్యిమంది క్రీడాకారులు సమావేశమైరి. విశ్వవిద్యాలయము, ఒలింపియాడ్ అను రెండు మాటల కలయికగా ‘యూనివర్సియాడ్’ అను పేరు అప్పుడే వెలసినది. విజేతను గౌరవించునప్పుడు జాతీయ గీతమునకు బదులుగా లాటిన్ భాషలోని పాత విద్యార్థి గీతమును వినిపించిరి. పతకము ఏ దేశమునకు లభించినను అది విద్యార్థిలోకమునకే చెందునను భావము ఇందు ఇమిడియున్నది.

1961లో ఆయన సమాఖ్య అధ్యక్షులైనారు. మరణపర్యంతము, అనగా ముప్పదియెనిమిది సంవత్సరములు, ఆ పదవిలోనే యుండిరి. ఆటంకములు తక్కువ కాలేదు. 1967లో టోక్యో పోటీలకు ఉత్తర కొరియా పేరును గూర్చిన వివాదమువలన సోవియట్ కూటమి దేశములు రాలేదు. లిస్బన్ వెనుకకు తగ్గగా 1970లో ట్యూరిన్, బెల్‌గ్రేడ్ తప్పుకొనగా 1975లో రోమ్, సావో పాలో విరమించుకొనగా 1989లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ ఆతిథ్యమిచ్చినవి. కొన్ని అంశములకే పరిమితమైనను పోటీలు ఆగలేదు. ఆయన పట్టుదల అట్టిది. 1981లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య అధ్యక్ష పదవి కూడ ఆయనను వరించినది. 1983లో హెల్సింకీలో ప్రథమ ప్రపంచ అథ్లెటిక్ పోటీలు ఆయన హయాములోనే జరిగినవి.

అయితే చరిత్ర రచించువారు మచ్చను దాచరాదు. 1987లో రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో లాంగ్ జంప్ కాంస్య పతకము ఇటలీ యువకునికి లభించినది. ఆయన దూకిన దూరము 8 మీటర్ల 38 సెంటీమీటర్లని ప్రకటించిరి. అది కల్పిత కొలత యని, కొలిచిన అధికారులదే దోషమని అనంతర విచారణలో తేలినది. పతకము అమెరికా క్రీడాకారునికి చేరినది. అప్పుడు ఇటలీ అథ్లెటిక్ సమాఖ్య అధ్యక్షులు నెబియోలోయే. 1989లో ఆయన ఆ పదవిని వీడవలసి వచ్చినది. ఏ క్రీడలో తాను యౌవనమున శ్రమించెనో, ఆ క్రీడలోని దొంగకొలతయే ఆయన కీర్తికి కళంకమగుట విధివైపరీత్యము.

1999 నవంబరు 7న ఆయన రోమ్‌లో మరణించినారు. ఆయన నాటిన వృక్షము నిలిచియున్నది. పేరు మారి, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలుగా 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగినప్పుడు, మన విశాఖపట్నమునకు చెందిన జ్యోతి యర్రాజి నూరు మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి కాంస్య పతకము గెలుచుకొన్నది.

విద్యార్థులారా! మైదానమునందైనను, పరీక్షామందిరమునందైనను దూకవలసినది మనము. కొలత మాత్రము సత్యమైనదిగా ఉండవలెను. కొలత తప్పిన విజయము ఓటమికన్న హీనము.