బళ్లారి రాఘవ: ఒక వకీలు, ఒక నటుడు

కుర్రవాడు నటుడనయ్యెదనన్నచో మన యిండ్లలో పెద్దలు సాధారణముగా రెండే మాటలు చెప్పుదురు. మొదట నాలుగు మెతుకులు పెట్టు వృత్తి నొకదానిని పట్టుకొమ్మందురు. పిమ్మట బళ్లారి రాఘవ పేరు చెప్పి, ఆయన వకీలుగా గడించుచునే మహానటుడు కాలేదా యని అడుగుదురు. ఈ ఉదాహరణము సత్యమే. కాని అది ఆయన జీవితములో సగపాలు మాత్రమే. రెండవ సగమును కూడ చూచిన తరువాత గాని ఆ జీవితము మనకేమి బోధించుచున్నదో నిర్ణయింపరాదు.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురము మండలములోని తాడిపత్రిలో జన్మించిరి. ఆంధ్ర నాటక పితామహుడను బిరుదముగల ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఆయనకు మేనమామ. ఆ కాలమున బళ్లారి తెలుగు, కన్నడ భాషలు రెండును సమముగా వినవచ్చు పట్టణము. మహారాష్ట్ర, కన్నడ నాటక సమాజములు వచ్చి ఆడిపోవుచుండుట చూచి మేనమామగారు 1886లో సరసవినోదినీ సభను స్థాపించిరి. కోలాచలము శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ. నాటక కర్తలైన వీరిరువురును వృత్తిచే న్యాయవాదులే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగమెక్కుట బళ్లారిలో పెద్దమనుష్యులకు తగని పని కాలేదు. రాఘవగారు పెరిగిన గాలి యట్టిది.

సరిగా ఆ సంవత్సరములలోనే, 1885లో, కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి పెద్దరికమున మరియొక నాటక సమాజము పుట్టినది. దానికి వకీళ్లు లేరు. ఆడినగాని పొయ్యి రాజని కుటుంబములవి. భార్యలు, బిడ్డలు, ముసలివారు అందరును వేషములు కట్టిరి. బళ్లారి సభలను లోకము కళాసేవ యన్నది. సురభివారి పనిని పొట్టకూటి విద్య యన్నది. ఈ భేదము మన తలలలో నేటికిని పూర్తిగా చెరగలేదు. రాఘవగారి జీవితమునకు దీనితో సంబంధము కలదు.

మదరాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, న్యాయశాస్త్రము చదివి 1905లో పట్టము పొంది, రాఘవగారు బళ్లారిలో ప్రాక్టీసు పెట్టిరి. క్రిమినలు కేసులలో పేరు గడించి పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవి నందుకొనిరి. మరియొక ప్రక్క దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు, బృహన్నల మొదలగు పాత్రలతో ఆంధ్రదేశమంతయు తిరిగిరి. షేక్స్పియరుపై మక్కువతో బళ్లారిలో ఒక క్లబ్బు పెట్టి షైలాకు, ఒథెల్లో, హామ్లెటు పాత్రలను ఇంగ్లీషున అభినయించిరి.

బళ్లారి ఆయనకు పుట్టినింటివంటిదైన, బెంగుళూరు మెట్టినింటివంటిది. అచ్చటి అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషను ఉద్యోగులును విద్యావంతులును గూడి నడపిన సంస్థ. ఆ నగరములో తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును తెలిసిన ప్రేక్షకులు ఒకే కొట్టున కూర్చుండుట రాఘవగారి వంటి బహుభాషా నటునకు అనుకూలించినది. 1919లో రవీంద్రుడు బెంగుళూరు వచ్చినప్పుడు ఆయనతో పరిచయము కలిగినది. 1927లో గాంధీజీ నందికొండపైనను, బెంగుళూరులోను ఆరోగ్యార్థము విశ్రమించిన దినములలో, రాఘవగారి హిందీ నాటకము దీనబంధు కబీరును కొలదిసేపు చూతమని వచ్చి, అనుకొన్న దానికన్న చాలసేపు కూర్చుండిరని చెప్పుదురు. అటుపిమ్మట రాఘవగారు ఐరోపా వెళ్లి అచ్చటి రంగస్థలములను పరిశీలించి వచ్చిరి.

ఇక వకీలు వృత్తి ఆయనకేమిచ్చినదో విచారింతము. ధనమిచ్చినదని అందరును అందురు. ధనము కన్న విలువైనది, ప్రేక్షకుని త్రోసిపుచ్చగల స్వాతంత్ర్యము. ఆ దినములలో తెలుగు నాటకమనగా పద్యమే. పద్యమనగా రాగమే. చచ్చిపడియున్న పాత్రధారి కూడ వన్స్‌మోరు కేక వినబడిన లేచి మరల పాడవలసినదే. రాఘవగారు ఈ వాడుకను ఒప్పుకొనలేదు. రాగము తగ్గించి మాటకును, చూపునకును, మౌనమునకును ప్రాధాన్యమిచ్చిరి. పాటకై వచ్చినవాడు అసంతృప్తితో ఇంటికి పోయిన పోవచ్చును. మరునాటి ఉదయము రాఘవగారికి కోర్టులో కేసు కలదు, ఇంటిలో బియ్యము కలవు. టిక్కెట్లపై బ్రదుకువానికి ఈ ధైర్యమెచ్చటనుండి వచ్చును?

కోలాచలమువారి విజయనగర సామ్రాజ్య పతనమున పఠాను రుస్తుముగా ఆయన ప్రేక్షకులను కదలించిరి. ఆ నాటకమును ప్రభుత్వము నిషేధించినది. నిషేధమువలన నష్టము కలిగినను జీవనము నిలిచిపోలేదు. పాకాల వెంకట రాజమన్నారుగారి తప్పెవరిది వంటి సాంఘిక నాటకమును, కిరీటములు గదలు లేకుండ, మన యిండ్లలో మాటలాడుకొను రీతిని ప్రదర్శించుటయు ఇట్టి ధైర్యముననే. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి మొదలగు చదువుకొన్న కుటుంబ స్త్రీలను రంగమునకు తీసికొనివచ్చిరి. దీనిని సంఘసంస్కరణమని మెచ్చుకొనిరి. మెచ్చుకొనదగినదే. అయితే సురభి కుటుంబముల స్త్రీలు అప్పటికి చాలకాలమునుండి ఆ పని చేయుచుండిరి. 1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో నటించిన కమలాబాయి ఆ కుటుంబముల బిడ్డయే. కూలికి ఆడినవారి సాహసము సంస్కరణముగా ఎవరికిని తోచలేదు. ఈ లోపము రాఘవగారిది కాదు, చూచిన మనది.

వకీలు వృత్తి ఈయలేనిదియు ఒకటి కలదు. అది కాలము. నిత్యము కలసి సాధన చేయు బృందమును ఆయన నిలుపలేకపోయిరి. కేసుల తేదీల నడుమ దొరికిన రాత్రులలోనే మహాపాత్రలు సిద్ధము కావలసివచ్చెను. ఆ కాలమున కంట్రాక్టు నాటకములు ప్రబలి, పేరుగల నటులను వేరువేరు ఊళ్లనుండి రప్పించి, రిహార్సలు లేకయే ఒక రాత్రికి గూర్చి ఆడించుచుండిరి. దుర్యోధనుడొక ఊరివాడు, కృష్ణుడొక ఊరివాడు. రంగముపైననే వారి ప్రథమ పరిచయము. ఇట్టి ఏర్పాటులో ఒక నటుడు మెరయవచ్చును గాని నాటకము మెరయదు. రాఘవగారి పద్ధతి పదిమందికి అబ్బవలెనన్న పదియేండ్లు నడచు పాఠశాల కావలెను. దానిని నడపుటకు తీరికయుండు వకీలు ఎవడు?

సినిమా ఆయనను పిలిచినది. 1936లో ద్రౌపదీ కథనే రెండు సంస్థలు పోటాపోటీగా తీయగా, రాఘవగారు దుర్యోధనుడైన ద్రౌపదీ మానసంరక్షణము ఆ పోటీలో వెనుకబడినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో రైతు నర్సిరెడ్డిగా కనిపించిరి. జమీందారీ అన్యాయమును చూపిన ఆ చిత్రమునకు ఆటంకములు తప్పలేదు. 1940లో చండిక వచ్చినది. ఆ రంగమున ఆయన ఎక్కువకాలము నిలువలేదు. ఆయన అభినయములో నేడు మనకు కంటికి దొరకగలదనుటకు ఈ కొలది చిత్రములే గతి. మిగిలినదంతయు చూచినవారి జ్ఞాపకములతో పోయినది. 1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవగారు పరమపదించిరి.

తరువాత కాలము చాల మారినది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులు తప్పెవరిది రచించిన ఆ రాజమన్నారుగారే. 1959లో ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయము వెలసినది. బెంగుళూరులో రవీంద్రుని శతజయంతి స్మారకముగా కళాక్షేత్రము నిర్మింపబడినది. 2004లో రంగశంకర తెరవబడినది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినను, అచ్చట రాఘవగారి పేరిట కళామందిరము నిలిచియున్నది. నటనను జీవనముగా నెంచుకొను యువకునకు గురువులు, భవనములు, పట్టములు కొంతవరకు లభించుచున్నవి. లభింపనిది నెలకు నిలుకడయైన భృతి. అందుచేతనే నేటికిని బెంగుళూరులో సాయంకాలము రిహార్సలునకు వచ్చు నటుడు పగలు ఏదో యొక ఆఫీసులో పనిచేయుచుండును.

కావున రాఘవగారిని ఉదాహరింపదలచిన పెద్దలు ఆయన వృత్తిని మాత్రమే గాక, ఆ వృత్తి ఆయనకిచ్చిన నిర్భయమునుగూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. కోర్టు ఫీజుతో ఒక్కనికి దొరికిన స్వాతంత్ర్యమును, కళపైననే ఆధారపడిన వందలమందికి దొరకునట్లు చేయుట టిక్కెట్టు కొనువారి చేతిలోను, సభలు నడపువారి చేతిలోను, ప్రభుత్వము చేతిలోను ఉన్నది. మనలో న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు ఫీజు లేక పనిచేయరు. అంతమాత్రమున వారి విద్యను ఎవరును పొట్టకూటి విద్య యని చిన్నచూపు చూడరు. నటుడు తన రాత్రికి వెలయడిగినప్పుడు కూడ మనము అట్లే గౌరవముతో చెల్లించుట న్యాయము.