దారుశిల్పి నకషిమా

జగ్గయ్యపేటకు చేరువలో, కృష్ణానది ఒడ్డున ముక్త్యాల ఉన్నది. దానికి ఎగువన, ఆవలి గట్టున, పులిచింతల జలాశయంలో నేడు మునిగిపోయిన కొల్లూరు. దిగువన నందిగామ సీమలో పరిటాల. 17వ శతాబ్దంలో ఈ రెండు చోట్లా నేలను తవ్వి వజ్రాలు తీసేవారు. మట్టి తవ్వినవారూ, తట్టలకెత్తి మోసినవారూ, గులకరాళ్ళను కడిగి ఏరినవారూ ఈ నదీతీరపు శ్రామికులే. పేరు మాత్రం గోల్కొండకు దక్కింది. నిజానికి ఆ కోటలో గని లేదు. గనులున్న నేల గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోనిది, వజ్రాల బేరసారాలు జరిగింది వారి రాజధానిలో. అయినా ఐరోపావాసులకు గోల్కొండ అనగానే తరగని సంపద అనే అర్థం స్థిరపడిపోయింది. సుమారు మూడు వందల ఏండ్ల తరువాత ఆ మాట పుదుచ్చేరిలో ఒక వసతిగృహానికి పేరైంది. ఆ గృహాన్ని నిర్మింపజేయడానికి వచ్చిన ఒక యువకుడు అక్కడ కొయ్యపని మీద మనసు నిలుపుకొని, తరువాతి కాలంలో 20వ శతాబ్దపు గొప్ప దారుశిల్పులలో ఒకరయ్యారు. ఆయనే జార్జ్ నకషిమా.

నకషిమా 1905 మే 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు జపాను నుండి వలస వెళ్ళినవారు. బాల్యంలో ఆ ప్రాంతపు కొండలలో, దట్టమైన అరణ్యాలలో తిరిగిన ఆయనకు చెట్లపై మమకారం ఏర్పడింది. విశ్వవిద్యాలయంలో మొదట అటవీశాస్త్రంలోనే చేరారు. రెండేండ్ల అనంతరం వాస్తుశాస్త్రానికి మారారు. ఫ్రాన్సులో కొంతకాలం చదివి, 1930లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి వాస్తువిద్యలో ఉన్నత పట్టం పొందారు.

అప్పటికి అమెరికాను ఆర్థికమాంద్యం కమ్ముకొన్నది. పట్టా చేతికి వచ్చినా భవనాలు కట్టించేవారు కరవయ్యారు. నకషిమా దేశాటనకు బయలుదేరి, పారిస్‌లో కొన్నాళ్ళు గడిపి, ఉత్తర ఆఫ్రికా మీదుగా 1934 నాటికి పూర్వికుల గడ్డయైన జపాను చేరారు. టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి కార్యాలయంలో కొలువు దొరికింది. చెక్ దేశంలో పుట్టిన ఈ రేమండ్ నకషిమా జీవితంలో రెండు పర్యాయాలు తలుపు తెరిచారు. ఒకటి పుదుచ్చేరి తలుపు. రెండవది అంతకంటె కఠినమైన ఘడియలో తెరిచినది. ఆ ప్రస్తావన ముందు వస్తుంది.

పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమం సాధకుల కోసం ఒక వసతిగృహాన్ని నిర్మింపదలచింది. అందుకు హైదరాబాదు నిజాం ప్రభుత్వంలో ప్రధానామాత్యులైన సర్ అక్బర్ హైదరీ ద్వారా లక్ష రూపాయల విరాళం లభించింది. హైదరాబాదు నుండి వచ్చిన ధనం కనుక ఆశ్రమ మాత దానికి ఫ్రెంచి పలుకుబడిలో గోల్కొండ్ అని పేరు పెట్టారు. ప్రణాళిక రేమండ్‌ది, స్థలంలో ఉండి పని చూసే బాధ్యత నకషిమాది. 1937లో మొదలైన ఆ పని నేటి గుత్తేదారుల పని వంటిది కాదు. కాంక్రీటు కలిపినవారిలో, ఇనుము వంచినవారిలో పలువురు ఆశ్రమవాసులే. తలుపుల పిడులు, బందుల కోసం భక్తులు ఇచ్చిన ఇత్తడి పాత్రలను కరిగించి పోతపోశారు. ఆ ఇంటికి అద్దాల కిటికీలు లేవు. గోడ పొడవునా తెరిచి మూసే అడ్డుపలకలు, గదులకు సన్నని టేకుబద్దల జరుగుడు తలుపులు అమర్చారు. విద్యుత్ పంకా అవసరం లేకుండానే సముద్రపుగాలి గదులలో ఆడుతుంది. ఉక్కపోత తెలిసిన తెలుగువారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ గదులకు కావలసిన టేకు సామానును నకషిమాయే రూపొందించారు. అలంకారం లేదు, ఒక మనిషి ప్రశాంతంగా బ్రతకడానికి ఎంత కావాలో అంతే. ఆయన జీతం తీసుకోవడం మానివేసి ఆశ్రమజీవితంలో చేరిపోయారు. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. భవనం పూర్తి కాకముందే, 1939లో, ఆయన పుదుచ్చేరి విడిచారు. యుద్ధమేఘాలు ముసురుకొంటున్న వేళ జపాను మీదుగా అమెరికా చేరారు. జపానులో పరిచయమైన అమెరికా యువతి మేరియన్ ఒకజిమాను 1941లో వివాహమాడి, సియాటిల్ నగరంలో చిన్న కార్యశాల తెరిచారు. అమెరికాలో కట్టడాల తీరు ఆయనకు నచ్చలేదు. గీసేది ఒకరు, కట్టేది మరొకరు. మొదటి గీత నుండి చివరి మెరుగు వరకు తన చేతిలో ఉండే పని కావాలనుకొన్నారు. అంతటి చదువు చదివి వడ్రంగం పట్టడం లోకానికి దిగజారుడుగా తోచవచ్చు. ఆయనకు అట్లా తోచలేదు.

ఆ కార్యశాల నిలదొక్కుకొనక ముందే పిడుగు పడింది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై జపాను దాడి చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వెలువరించిన ఉత్తర్వు వలన పడమటి తీరంలోని జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు విడిచి నిర్బంధ శిబిరాలకు పోవలసివచ్చింది. వారిలో అధికభాగం అమెరికాలో పుట్టి, ఆ దేశపు పౌరులైనవారే. నేరం లేదు, విచారణ లేదు, ముఖకవళికలే సాక్ష్యం. నకషిమా దంపతులు పుట్టి కొన్ని వారాలే అయిన కుమార్తె మీరాను ఎత్తుకొని ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి చేరారు.

ముళ్ళకంచె నడుమ, దుమ్ముగాలిలో ఆయనకు ఒక గురువు లభించారు. జెంటారో హికొగావా జపానులో సంప్రదాయ శిక్షణ పొందిన వడ్రంగి. వాస్తువిద్యలో ఉన్నత పట్టభద్రుడు ఆ వడ్రంగి వద్ద శిష్యుడై కూర్చున్నారు. రంపానికి, ఉలికి పదును పెట్టడం, చిత్రిక పట్టడం, మేకు లేకుండా కొయ్యను కొయ్యలో దూర్చి బిగించడం, అన్నిటికంటె మించి తొందరపడకుండా ఉండడం అక్కడే నేర్చుకొన్నారు. మంచి కలప ఎక్కడిది? శిబిరం కట్టగా మిగిలిన ముక్కలు, ఎడారిలో మొలిచిన మొండిపొదల కొయ్యలే వారికి దిక్కు. వంకరను వంకరగానే వాడుకొనక తప్పని ఆ లేమి, తరువాత ఆయన పనికి ఒక లక్షణమైంది.

1943లో రేమండ్ పూచీ పడడంతో నకషిమా కుటుంబానికి విడుదల లభించింది. ఇదే ఆయన తెరిచిన రెండవ తలుపు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో న్యూ హోప్ వద్ద రేమండ్‌కు వ్యవసాయక్షేత్రం ఉన్నది. నకషిమా అక్కడ కోళ్ళను పెంచుతూ, తీరిక వేళల కొయ్యపని సాగించారు. క్రమంగా సమీపంలోనే స్థలం సంపాదించి, సొంత చేతులతో ఇల్లు, కార్యశాల నిర్మించుకొన్నారు.

యుద్ధానంతర కాలం కొయ్యసామాను చరిత్రలో ఒక గొప్ప మలుపు. చెక్కడాలు, బరువైన హంగులు తొలగిపోయి సన్నని కాళ్ళు, సూటి రేఖలు వచ్చాయి. డెన్మార్కులో హాన్స్ వెగ్నర్ కుర్చీలు, అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు యంత్రంతో వంచిన పొరచెక్క కుర్చీలు అప్పటివే. మనదేశంలో చండీగఢ్ కార్యాలయాల కోసం పియరీ జన్నరే టేకు కుర్చీలు చేయించినదీ ఆ దశకంలోనే. పాతబడ్డాయని మూలపడవేసిన ఆ కుర్చీలను తరువాత విదేశీయులు వేలంలో పెద్ద ధరలకు కొనడం మన చూపు ఎంత ఆలస్యమో తెలుపుతుంది. నకషిమా కూడా నోల్ సంస్థ వంటి వాటికి నమూనాలు ఇచ్చారు గాని, ఆయన మనసు ఒక్కొక్క దుంగ మీదనే నిలిచింది.

మన వడ్రంగి పలకను కోసి, అంచు సరిచేసి, నెర్రె ఉన్న భాగాన్ని తీసివేస్తాడు. నకషిమా బెరడు కింది సహజమైన అంచును అట్లాగే ఉంచేవారు. నెర్రె ఉంటే దాచక, అది మరింత చీలకుండా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో కొయ్యబిళ్ళను అడ్డంగా పొదిగేవారు. అతుకు కనబడుతూనే ఉంటుంది. కంటికి అందమూ అదే. దుంగను కోయించేటపుడు స్వయంగా దగ్గర నిలిచేవారు. కోత ఒక అంగుళం తప్పితే లోపలి చారలు చెడతాయి. కోసిన పలకలను ఏండ్ల తరబడి ఆరబెట్టి, ఏ పలక ఏ బల్లకు తగునో తేలే వరకు వేచి ఉండేవారు. 1960 ప్రాంతంలో ఆయన చేసిన కోనాయిడ్ కుర్చీకి రెండే కాళ్ళు. అవి నేలను ఆనిన రెండు పట్టెల మీద నిలుస్తాయి. ముందుకు తూలుతుందేమోనని సందేహించినవారున్నారు. అది తూలలేదు.

భారతదేశంతో ఆయన అనుబంధం తెగలేదు. 1964లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి, బల్లలు, కుర్చీలు రూపొందించి అక్కడ తయారు చేయించారు. 1983లో జపాను ప్రభుత్వం ఆయనను పురస్కారంతో గౌరవించింది. ఒకప్పుడు జపానువాడని అమెరికా బంధించినవానిని జపాను అమెరికా శిల్పిగా గుర్తించడం విచిత్రమే.

ముదిమిలో ఒక బ్రహ్మాండమైన అక్రోటు దుంగ ఆయన చేతికి వచ్చింది. దానితో శాంతి కోసం ఒక పెద్ద వేదికను చేసి, 1986లో న్యూయార్కులోని ఒక మహాదేవాలయంలో నిలిపారు. ప్రతి ఖండంలోనూ అటువంటి వేదిక ఒకటి ఉండాలని ఆశించారు. 1990 జూన్ 15న కన్నుమూసేనాటికి ఆ ఆశ ఒక్క వేదికతోనే ఆగి ఉన్నది. శిబిరానికి పొత్తిళ్ళలో వెళ్ళిన మీరా కార్యశాల బాధ్యత స్వీకరించి, తండ్రి మొదలుపెట్టిన పని కొనసాగించింది. ఆసియా ఖండం కోసం చేసిన శాంతివేదిక 1996లో భారతదేశం చేరింది. దానిని నిలిపిన చోటు ఆరోవిల్. సుందరానందుడు తొలి టేకు బల్లలు రూపొందించిన గోల్కొండ్ అక్కడికి కొద్ది క్రోసుల దూరం.