ద్వారం వేంకటస్వామి నాయుడుగారు – స్వయంనిర్ణయానికి ఒక నిదర్శనం

వికలాంగుడనగానే మన మనస్సులో మొదట కలిగేది జాలి. జాలి దుర్గుణమేమీ కాదు. కాని జాలిపడినవాడు ఎదుటివాని జీవితమార్గాన్ని కూడా తానే నిర్ణయింపబూనితే, ఆ జాలియే వానికి సంకెల అవుతుంది. సహాయం పొందడం ఎంత హక్కో, తనకెట్టి సహాయం కావలెనో తానే చెప్పడం కూడా అంతే హక్కు. ఈ విషయాన్ని గూర్చి ఆలోచించినప్పుడు మాకు స్ఫురించిన మహనీయుడు వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. ఆయన ఉద్యోగ విరమణానంతరం ఆ కుటుంబం విశాఖపట్టణంలో స్థిరపడింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి చూపు మందగించింది. అందుచేత బడిచదువు సాగలేదు. నల్లబల్ల మీది అక్షరం కనిపించని బాలునికి విద్య అబ్బదని భావించే కాలమది. అయితే ఆయన అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి వయొలిన్ చేతికిచ్చి, చెవి ద్వారా, వేళ్ళ ద్వారా నేర్వదగిన విద్యను నేర్పారు. బాలుడు దానిని తన జీవితవ్రతంగా స్వీకరించాడు.

ఇక్కడ విజయనగరాన్ని గూర్చి ఒక మాట చెప్పాలి. 1919లో అక్కడ మహారాజా విజయరామ గజపతిగారు సంగీత కళాశాలను స్థాపించారు. వారి కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు. అతనికి సంగీతం నేర్పించాలన్న తండ్రి కోరికయే ఆ కళాశాల పుట్టుకకు కారణమని ప్రసిద్ధి. చూపులేని ఒక్క బాలుని కోసం తెరచిన ద్వారం గుండా తరువాత ఎందరో కళాకారులు వెలుపలికి వచ్చారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవారే.

ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అందులో విద్యార్థిగా చేరాలని నాయుడుగారు వెళ్ళారట. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారేండ్లు. ఆయన వాదనం విన్నవారు ఆయనను విద్యార్థిగా గాక, వయొలిన్ ఆచార్యునిగా నియమించారు. వారు పరీక్షించినది ఆయన కళ్ళను కాదు, విద్యను. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. చూపు చాలక బడి మానిన బాలుడు ఒక విద్యాలయానికే పెద్ద కావడం సామాన్య విషయం కాదు.

అంతకంటె గొప్ప విషయం మరొకటి కలదు. కర్ణాటక సంగీతంలో వయొలిన్ ప్రధానంగా పక్కవాద్యం. గాయకుడు ఏ దారిన పోతే ఆ దారిన అనుసరించడం దాని ధర్మం. నాయుడుగారు మహాగాయకులెందరికో పక్కవాద్యం వాయించారు. కాని అంతటితో తృప్తిపడలేదు. కమాను నాదాన్ని కంఠస్వరంలా పలికించి, వయొలిన్ ఒంటరిగా కచేరీ నిర్వహింపగలదని నిరూపించారు. 1938లో వేలూరులో ఆయన చేసిన ఏకవాద్య కచేరీని ఈ చరిత్రలో ఒక మైలురాయిగా చెబుతారు. ఏ రాగం ఎత్తుకోవాలో, ఎంతసేపు విస్తరించాలో ఆ వేదికపై నిర్ణయించినవారు ఆయనే. మృదంగం తోడు ఉన్నది. అది ఆయన నడకను అనుసరించింది. తోడు ఉండడమూ స్వతంత్రంగా ఉండడమూ పరస్పర విరుద్ధాలు కావని ఈ దృశ్యం మనకు బోధిస్తుంది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న పరమపదించారు. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన స్మారక చిహ్నంగా తపాలాబిళ్ళను వెలువరించింది.

ఆయనకు సమకాలికుడైన ఈజిప్టు రచయిత తాహా హుసేన్‌ను మా ఉర్దూ శాఖ విద్యార్థులు ఎరుగుదురు. 1889లో జన్మించి, బాల్యంలోనే చూపు కోల్పోయి, 1950లో తన దేశానికి విద్యామంత్రియైన ప్రజ్ఞావంతుడాయన. భాషలు వేరైనా ఈ ఇద్దరి చరిత్ర ఒక్కటే విషయాన్ని చెబుతున్నది.

వారి కాలంలో వ్యక్తిప్రతిభకు, ఆత్మీయుల ఔదార్యానికి వదిలివేసిన దానిని నేడు చట్టం హక్కుగా గుర్తించింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను మన దేశం 2007లో ధ్రువీకరించింది. దాని వెలుగులో వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పరిమిత సంరక్షకత్వమనే పద్ధతిలో సంరక్షకుడు తన ఇష్టాన్ని రుద్దరాదనీ, ఆ వ్యక్తితో పరస్పర విశ్వాసంతో కలసి నిర్ణయం తీసుకోవాలనీ ఆ చట్టం ఆశయం.

అయినను చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మన అలవాట్లు మారవు. సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వరకు వ్యాపించిన ఈ కర్మాగారాల ప్రాంతంలో, యంత్రం కింద చేయి పోగొట్టుకొన్న కార్మికుని భవిష్యత్తును గూర్చి ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. అతనిని మాత్రం ఎవరూ అడుగరు. ఇతరులను అననేల? కొన్నేళ్ళ క్రితం చూపు తక్కువైన ఒక విద్యార్థి ప్రవేశానికి రాగా, అతనికి సులభమగునని తలచి మేము సాహిత్య విభాగం సూచించి, దరఖాస్తు కూడా నింపాము. అతడు మాటాడలేదు. అతనికి వాణిజ్యశాస్త్రం మీద మక్కువ అని మరునాడు అతని మిత్రుడు చెప్పేవరకు మాకు తెలియలేదు. మేము సిగ్గుపడి దరఖాస్తు మార్చాము. మేలు చేస్తున్నామనుకొని మేము చేసిన పొరపాటు అది.

విద్యార్థులారా! మీ పక్కన కూర్చున్న మిత్రునికి చేయి అందించే ముందు, ఎట్లు అందించాలో అతనినే అడగండి. మెట్ల పక్కన వాలుదారి ఎక్కడ కావలెనో, ఏ పుస్తకం వినే రూపంలో కావలెనో నిర్ణయించేటప్పుడు ఆ విద్యార్థులను కూడా సమావేశానికి పిలువవలెనని కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం. విజయనగరంలో పెద్దలు నాయుడుగారి వయొలిన్ విన్న తరువాతనే ఆయన స్థానాన్ని నిర్ణయించారు. మనమూ ముందుగా వినడం నేర్చుకొందాం.