జేడర దాసిమయ్య చరిత్రము

స్వకులమున వెలసిన మహనీయుల చరిత్రములను ఏటేట నొకమారైన స్మరించుట సంఘమునకు శ్రేయోదాయకము. పూర్వుల పేరు చెప్పుకొనుట సులభము; వారి నడవడి నెఱిగి నడచుట దుర్లభము. కావున ఈ సంచికను చదువు సోదరసోదరీమణులకును, సంఘమును పోషించు వదాన్యులకును, నేతపనినే శివపూజగా నొనర్చిన జేడర దాసిమయ్యగారి చరిత్రమును మాకు తెలిసినంత మేరకు విన్నవింప బూనితిమి.

దాసిమయ్య జన్మస్థానము ముదనూరు. ఇది నేటి కర్ణాటక రాష్ట్రమున యాదగిరి జిల్లాలో సురపురసీమయం దున్నది. కృష్ణాభీమానదుల నడిమి దేశమది. ఆ రెండు నదులును తంగడి యొద్ద సంగమించుచున్నవి. ఆ తంగడి మన నారాయణపేట జిల్లాలోనిదే. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడువఱకు ముదనూరును నారాయణపేటయు ఒక్క హైదరాబాదు రాజ్యములోనివే. నేటికిని నారాయణపేట వీధులలో తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినవచ్చుచుండును. కాబట్టి దాసిమయ్య మనకు పరదేశీయుడు కాడు. ఏటి కావలి చుట్టమే.

జేడ యనగా కన్నడమున నేతగాడు. సాలెపురుగునకును అదియే పేరు. మన తెలుగునను సాలెవానికిని సాలెపురుగునకును ఒక్క మాటయే మూలమగుట గమనింపదగినది. తెలంగాణమునకు చెందిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఈతని కథను చెప్పి, దేడర దాసయ్య యని వ్యవహరించెను. కాలము 11వ శతాబ్ది యని పెక్కుర మతము. చాళుక్యరాజగు రెండవ జయసింహుని రాణి సుగ్గలదేవికి ఈతడు శివదీక్ష నొసగెనని ప్రతీతి కలదు. ఆ రాజునకు రాజధానిగా నుండిన పొట్లకెఱె నేటి పటాన్‌చెరు అని చరిత్రకారులు నిర్ణయించిరి. రాణికి దీక్ష యిచ్చిన దేవర దాసిమయ్య వేఱు, నేతగాడగు జేడర దాసిమయ్య వేఱు అని తలచు పండితులును గలరు. దేవాంగులు మాత్రము ఇరువురును ఒక్కరే యనియు, దేవతలకు వస్త్రములు నేసి యిచ్చిన దేవల మహర్షి యొక్క కడపటి అవతార మీతడే యనియు విశ్వసింతురు. ఎటులైనను బసవేశ్వరునకు సుమారు నూఱేండ్లు పూర్వుడగుటయు, వచనకవులలో మొదటివారి వరుసను నిలుచుటయు విశేషము. బసవేశ్వరుడు సైతము తన వచనములలో దాసిమయ్యను భక్తితో స్మరించెను.

యౌవనమున దాసిమయ్య సంసారమును రోసి, ఘోరారణ్యమున ప్రవేశించి, శరీరమును శోషింపజేయుచు తపమొనర్చెనట. అపుడు శివుడు ప్రత్యక్షమై, దేహమును శిక్షించుట తన పూజ కాదనియు, లోకమున నుండి చేతిపనిచే జీవించుచు తన్ను కొలువు మనియు బోధించెనట. దాసిమయ్య మరలి వచ్చి మగ్గమున గూర్చుండెను. ముదనూరున ఆయన మగ్గ ముండిన చోటని యొక తావును చూపుదురు. తపస్సునకు పోయినవానిని దైవమే త్రిప్పి పంపి మగ్గమున గూర్చుండబెట్టిన కథ యిది. ఇంతకంటె మన వృత్తికి గౌరవ మేమి కావలయును?

పిదప వివాహప్రసంగము. ఇసుక కలిసిన బియ్యమును, కొన్ని చెఱకుగడలను ఇచ్చి, వేఱుగా నీరును వంటచెఱకును కోరక పాయసము వండగల కన్యను వెదకుచు ఆయన పల్లెపల్లె తిరిగెనట. పెక్కురు నవ్విరి. దుగ్గళ యను కన్య మాత్రము బియ్యమును చక్కగా నేఱి, చెఱకు పిండి రసము తీసి, ఎండిన పిప్పిని పొయ్యిలో నిడి పాయసము వండి పెట్టెను. ఉన్నదానిలో ఏదియు వ్యర్థము కానీయని నేర్పు గలది యామె. అట్టి యిల్లాలు లేనిచో మగ్గము సాగదు. రాట్నముపై నూలు చుట్టుట, ఆసు పోయుట, కండెలు పట్టుట, గంజి కాచుట మొదలగు పనులు మగ్గమునకు ముందు నడచునవి. వీనిని చిరకాలముగా ఇంటి స్త్రీలును పిల్లలును చేయుచు వచ్చిరి. 2019-20 అఖిలభారత చేనేత గణనము ప్రకారము దేశమునందలి 35 లక్షలకు పైబడిన నేత, అనుబంధ పనివారిలో 70 శాతమునకు మించి స్త్రీలే. దుగ్గళ పేరు దాసిమయ్య పేరుతో కలిపి చెప్పుట అందుచేతనే న్యాయము.

ఇక వస్త్రదానకథ. దాసిమయ్య చిరకాలము శ్రమించి యొక మేలిమి వస్త్రమును నేసి, అమ్ముటకై సంతకు గొనిపోయెను. శివుడు ముదుసలి జంగమయ్య రూపమున వచ్చి దానిని యాచించెను. దాసిమయ్య మాఱు పలుకక యిచ్చెను. జంగమయ్య ఆయన కన్నుల యెదుటనే దానిని పేలికలుగా చించి, ఒక్కొక్క పేలికను ఒక్కొక్క యవయవమునకు చుట్టుకొనెను. ఒక పోగు తెగినను నేతగాని మనసు చివుక్కుమనును. కాని ఇచ్చినపిదప వస్త్రము తనది కాదని దాసిమయ్య శాంతుడై యుండెను. శివుడు మెచ్చి తవనిధిని, అనగా ఎంత తీసినను తఱుగని ధాన్యనిధిని, అనుగ్రహించెను.

అయితే మహాత్ములకును గర్వము పొడసూపును. తవనిధి లభించినపిదప, పాతగుడ్డలు కుట్టి జీవించు శంకరదాసి యను పేదభక్తునకు తాను ధాన్య మీయవలెనని దాసిమయ్య వెడలెను. శంకరదాసి తన చేతిసూదితో నేలను గీరగా అచట బంగారము బయల్పడెనట. తొడిగించువానికంటె అతుకు వేయువాడు తక్కువ కాడని దాసిమయ్య యెఱిగి తల వంచెను. నేతపని గొప్పదా, కుట్టుపని గొప్పదా యని తర్కించువారికి ఈ కథయే సమాధానము. చేతిపనులలో హెచ్చుతగ్గులు లేవు.

దాసిమయ్య రామనాథ ముద్రతో చెప్పిన వచనములు 150కి పైగా నేటికిని లభించుచున్నవి. రామనాథుడు ముదనూరు దేవాలయమునందలి శివుడు. లోపలి యాత్మకు స్త్రీపురుషభేదము లేదనియు, దంపతు లొక్కమనసుతో చేయు భక్తియే శివునకు ప్రీతికరమనియు వాని సారము. పాండిత్యాడంబరము లేని మాటలు. నూలుపోగువలె సన్ననివి, గట్టివి.

ఈ చరిత్రమును మేము నారాయణపేట నేతగాండ్ర యెదుట ముఖ్యముగా నిలుపగోరుదుము. శివాజీ దక్షిణయాత్రకు వచ్చినపుడు ఇచట నిలిచిపోయిన నేతగాండ్ర వలన ఈ చీర పుట్టెనని జనశ్రుతి. గళ్ల నేత, గోపురాకృతి గల అంచు, ఎఱ్ఱని తెల్లని పట్టెల కొంగు దీని గుర్తులు. ఒక్కమారు మగ్గమున కెక్కించిన పడుగున ఎనిమిది చీరలు నేయుట ఇచటి వాడుక. ఈ చీరకు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడును గాని నేర్పును కాపాడజాలదు. నేర్పు పుస్తకమున లేదు. తండ్రి చేతినుండి కుమారుని చేతికి, తల్లి చేతినుండి కుమార్తె చేతికి రావలసినది. ఒక్క తరము నేర్వనిచో తెగిన పడుగువలె దానిని అతుకుట మిక్కిలి కష్టము.

పిల్లలు చదువుకొనుట మాకు సమ్మతమే. నలుబదియేండ్లకు దగ్గఱగా బడిపంతులుపని చేసిన మేము చదువు వలదని యెట్లందుము? కాని మగ్గముచే పొట్ట నిండనంతకాలము పిల్లవానిని మగ్గమున గూర్చుండు మనుటకు మనకు నోరాడదు. దాసిమయ్యకు తవనిధి శివు డిచ్చెను. నేటి నేతగానికి తవనిధి కొనువారి చేతిలో నున్నది. కావున వదాన్యులు తమ యిండ్ల శుభకార్యములకు మగ్గముపై నేసిన వస్త్రములనే, బేరమాడి తగ్గింపక, తగిన వెలకు కొందురు గాక. సంఘమువారు నేత నేర్చుకొను బాలబాలికలకు విద్యార్థివేతనము లేర్పఱతురు గాక. కులపెద్దలు దాసిమయ్య జయంతినాడు పటమునకు పూలమాల వేయుటతో ఊరకుండక, ఆనా డొక పిల్లవాని చేతికి నాడె నిత్తురు గాక.

శుభం భూయాత్.