బలమునకు సాధనయే మూలము: కోడి రామమూర్తి నాయుడుగారి చరిత్రము

ఎర్రగుంట్ల ప్రాంతమున తిరునాళ్లనగా బండలాగుడు పందెములు జ్ఞప్తికి రాకమానవు. పందెపు టెద్దులను పెంచు రైతు తొలినాడే వానిని పెద్ద బండకు గట్టడు. చిన్న బండతో మొదలిడి, నెలల తరబడి బరువు పెంచును, లాగించిన పిమ్మట విశ్రాంతి నిచ్చును, ఉలవలు పెట్టును. ఎద్దుల విషయమున నింత యెరిగిన మనము, కన్నబిడ్డల విషయమున మాత్రము బలము పుట్టుకతో వచ్చునని చెప్పి యూరకుందుము. ఈ పొరపాటును దిద్దుకొనుటకు కోడి రామమూర్తి నాయుడుగారి జీవితము చక్కని దారి చూపును.

నాయుడుగారు 1880వ దశకపు తొలి యేండ్లలో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించిరి. విజయనగరమున పినతండ్రిగారి యొద్ద పెరుగుచు మల్లవిద్య నభ్యసించిరి. అంతటితో తృప్తి నొందక, చెన్నపురి చెంతనున్న సైదాపేటకు పోయి యొక సంవత్సరము వ్యాయామ శిక్షణము పొంది, మరలివచ్చి విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. అంతటి బలశాలి బలమును గూర్చి బడికి పోయి నేర్చుకొనెనన్న సంగతి గమనింపదగినది.

పిమ్మట వారు సర్కసు కంపెనీ స్థాపించి దేశమంతయు తిరిగిరి. ఱొమ్మునకు చుట్టిన యినుప గొలుసును ఊపిరి బిగించి తెంచుటయు, ఱొమ్ముపై బల్ల వేయించుకొని యేనుగును నడిపించుటయు చూచి జనులు కలియుగ భీముడని కొనియాడిరి. ఇంగ్లండునకు పోయి అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట తమ బలమును ప్రదర్శించి, ఇండియన్ హెర్క్యులీస్ అను ఖ్యాతి గడించిరి. వారు శాకాహారులు, ప్రాణాయామ పరులు.

ఇందు మాయ యేమియు లేదు. బల్ల వలన ఏనుగు బరువు ఱొమ్ముపై నొకచోటనే పడక పరచుకొనును; బిగించిన ఊపిరియు, గట్టిపడిన కండరములును దానిని మోయును. అయినను సంవత్సరముల సాధన లేనివాడు అట్టి పనికి పూనుకొన్నచో ప్రక్కటెముకలు విరుగుట తథ్యము.

శరీర శాస్త్రము చెప్పునదియు నిదియే. కండరము తనకు అలవాటైన భారమును మించి కొంచెము మోసినప్పుడే పెరుగును. మొదటి వారములలో కలుగు బలము చాలవరకు నరముల నేర్పు వలన వచ్చినది. కండ పోగులు లావెక్కుటకు నెలలు పట్టును. ఆ పెరుగుదల శ్రమించునప్పుడు గాక, తరువాతి విశ్రాంతిలోను నిద్రలోను జరుగును. అందుకు మాంసకృత్తులు కావలయును. అవి పప్పులలోను పాలలోను కలవు. సాధన మానినచో వచ్చిన బలము క్రమముగా పోవును. అరువది దాటిన వారును, స్త్రీలును దీనివలన లాభము పొందుదురు. రక్తపు పోటు గలవారు మాత్రము ఊపిరి బిగబట్టి బరువులెత్తరాదు.

కడపటి దినములు నాయుడుగారికి కష్టముగా గడచినవి. కాలి జబ్బు ముదిరి శస్త్రచికిత్సలో కాలు తీసివేయవలసివచ్చెను. 1942 జనవరిలో ఒడిస్సాలోని బలాంగీరున వారు దివంగతులైరి. విశాఖపట్టణపు సముద్రతీరమున వారి విగ్రహము నిలిపిరి. శ్రీకాకుళమున క్రీడాంగణమునకు వారి పేరిడిరి.

విగ్రహములు మంచివే. కాని యూరూర పిల్లలకు కొంత చోటును, క్రమమెరిగిన యుపాధ్యాయుని, కడుపునిండ కూడును సమకూర్చుట వానికంటె మేలైన స్మారకము. ఎద్దునకు చూపు నోర్పులో సగము కొడుకునకును కూతునకును చూపినచో చాలును.