మూలనపడ్డ సీసాలు

పోపులో వేసిన దినుసు గుప్పుమంటే అది దాని తైలం మహిమ అని నేను కెమిస్ట్రీ క్లాసులోనే తెలుసుకున్నాను. ఆ తైలాల గుట్టు విప్పినవాడు ఆటో వాలాక్. 1847లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించాడు. 1879లో బాన్ యూనివర్శిటీలో, తనకు అలవాటులేని ఫార్మసీ పాఠాలు ఆయన నెత్తినపడ్డాయి. అక్కడి బీరువాలో కెకులే ముట్టకుండా వదిలేసిన సుగంధ తైలాల సీసాలు కనిపించాయి. మొక్కల్ని ఆవిరిపట్టి తీసే తైలం ఒక్క పదార్థం కాదు, అనేకాల కలగలుపు. ఆయన విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ స్వేదనం చేసి విడదీశాడు. నిమ్మ, నారింజ తొక్కల్లో, మన షాజీరాకు చుట్టమైన కారవే గింజల్లో వేరువేరు పేర్లతో చెలామణీ అవుతున్నది ఒకే లిమొనీన్ అని తేల్చాడు. 1910లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1931లో గొట్టింగెన్‌లో కన్నుమూశాడు. ఒకరు బీడుపెట్టిన చేనును మరొకరు దున్ని పండించడమంటే ఇదే. రైతుబిడ్డను గనుక నాకు అలాగే తోచింది. మన ల్యాబు బీరువాలు కూడా ఒకసారి తెరిచి చూద్దామా?