కేరీగారి తోట

చదువవలసిన భాగములు: కీర్తన 46, మార్కు 4:26-29



కలకత్తాకు ఎగువను హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపూరు అను పట్టణము కలదు. మన పాస్టరులలో అనేకులు అక్కడి వేదాంత పట్టమును పొందినవారే గనుక ఆ పేరు మన సంఘములకు క్రొత్త కాదు. అక్కడి కళాశాలను 1818లో స్థాపించిన ముగ్గురిలో ఒకరగు విలియం కేరీగారి తర్జుమాలను గూర్చియు, అచ్చుకూటమును గూర్చియు మనము తరచుగా వినుచుందుము. ఆయన తోటను గూర్చి వినుట అరుదు. అయితే ఆయన నలువది యేండ్ల శోధనలను ఎట్లు సహించెనో తెలిసికొనగోరినయెడల ఆ తోటలోనికే పోవలెను.

1761 ఆగస్టు 17న ఇంగ్లాండులో పాలర్స్‌పురి అను పల్లెయందు ఒక నేతపనివాని యింట కేరీగారు పుట్టిరి. తండ్రి సోదరుడు పీటరు తోటపని ఎరిగినవాడు. మొక్కలమీది ప్రేమ బాలునికి ఆయనవలననే అబ్బెను. బాలుని గది నిండ పురుగులు, పక్షులు, ఆకులు. పొలములో పని చేయవలెనని అతని కోరిక. అయితే ఎండ తగిలినచో ముఖమును చేతులును మండి పుండ్లు పడెడివి. అందుచేత చెప్పులు కుట్టు పనికి పెట్టిరి. ఇంగ్లాండు ఎండకే ఓర్వలేని ఆ పిల్లవాడు పెద్దవాడై బెంగాలు ఎండలో తోట వేయునని ఎవరు తలంచిరి?

1793 నవంబరు 11న ఆయన కుటుంబముతో కలకత్తా చేరిరి. భార్య డారతీయమ్మకు ఈ ప్రయాణము మొదటినుండియు ఇష్టము లేదు. రానని గట్టిగా చెప్పి, కడపట చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొన్న మీదట ఓడ ఎక్కెను. ఇక్కడికి వచ్చిన కొలది కాలములోనే చేతిలోని రూకలు అయిపోయెను. సుందరవనములలో కొన్ని నెలలుండి, తరువాత ఉత్తర బెంగాలులోని మద్నాబతి అను చోట నీలిమందు కర్మాగారము చూచు ఉద్యోగములో కేరీగారు కుదిరిరి. అక్కడ 1794లో అయిదేండ్ల పీటరు రక్తవిరేచనములచేత చనిపోయెను. తండ్రియు జ్వరముతో మంచము పట్టియుండెను. బిడ్డకు గోతిని త్రవ్వువారును మోయువారును దొరకుటయే కష్టమాయెను. ఆ దుఃఖముతో తల్లి మనస్సు చెదరి, మరల సరి కాలేదు. 1807 డిసెంబరులో ఆమె కన్నుమూయువరకు, పండ్రెండు సంవత్సరములు, ఒక గదిలో ఆమె కేకలు వేయుచుండగా ప్రక్క గదిలో కేరీగారు లేఖనములను తర్జుమా చేయుచుండిరి.

ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. కేరీగారిని పొగడునప్పుడు ఈ తల్లిని మరచుట న్యాయము కాదు. ఆయనకు చెట్ల నీడ దొరికెను, ఆమెకు మూసిన గదియే దొరికెను. ఆమెకు ఆ సమాధానము ఏల లేకపోయెనో నేను చెప్పలేను. మన సంఘములలోను మనస్సు నలిగిన స్త్రీలు కలరు. వారికి విశ్వాసము తక్కువని చెప్పుటకు తొందరపడు నోటిని మనము అదుపులో నుంచుకొనవలెను.

మద్నాబతిలో నుండగానే కేరీగారు ఇంగ్లాండులోని స్నేహితులకు ఉత్తరము వ్రాసి, వ్యవసాయపు పనిముట్లను, ఏటేట తోట విత్తనములను, పూల విత్తనములను పంపుడని అడిగిరి. వాటి వెల తానే చెల్లించెదననియు వ్రాసిరి. ఇల్లంతయు చీకటిగానున్న కాలములో విత్తనములకై వ్రాసిన మనుష్యుడు! ఏడేండ్ల బోధకు ఒక్క హిందువైనను బాప్తిస్మము పొందని కాలము కూడ అదియే. విత్తువాడు విత్తి, రాత్రి పండుకొని, పగలు మేల్కొనుచుండగా, తనకు తెలియని రీతిగా విత్తనము మొలచునని ప్రభువు మార్కు సువార్తలో చెప్పిన ఉపమానమును కేరీగారు తమ పాదులయొద్ద నేర్చుకొనిరని నాకు తోచుచున్నది. 1800 డిసెంబరు 28న, శ్రీరాంపూరు చేరిన సంవత్సరముననే, కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను.

శ్రీరాంపూరులో దాదాపు అయిదెకరముల నేలను ఆయన తోట చేసిరి. లిన్నేయసు అను శాస్త్రజ్ఞుని పద్ధతి చొప్పున మొక్కలను కుటుంబములుగా వరుస పెట్టిరి. మహోగని చెట్ల క్రింద నడచుటకు బాట వేసిరి. ఉదయముననే అక్కడికి పోయి, మొక్కలను చూచుకొనుచు ప్రార్థన చేసికొనుట ఆయన అలవాటు. ఆయన ఆంతరంగిక ప్రార్థనా మందిరము ఆ తోటయే. అయితే తోట దేవుడు కాదు, తోటమాలి దేవుడు; ఆ భేదమును ఆయన బాగుగా ఎరుగుదురు. స్నేహితుడగు రాక్స్‌బర్గు దొరగారి మొక్కల గ్రంథమును ముద్రించినప్పుడు, దాని ముఖపత్రముమీద 145వ కీర్తనలోని ఒక మాటను ఉంచిరి. కలకత్తా తోటకు పోకముందు ఈ రాక్స్‌బర్గుగారు మన సామర్లకోటలో మొక్కలను పరిశీలించినవారే. మన అడవులలోను పెరుగు ఒక చెట్ల జాతికి ఆయన తన మిత్రుని పేరున కేరియా అని పేరు పెట్టెను.

1812 మార్చి 11 సాయంకాలమున అచ్చుకూటము తగులబడెను. కేరీగారు అప్పుడు కలకత్తాలో బోధించుచుండిరి. మరునాటి ఉదయము మార్ష్‌మన్‌గారు పోయి ఆ వార్త చెప్పిరి. కాగితము, అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యెను. మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు వాటిలో ఒకటి. కేరీగారి కన్నుల నీళ్లు నిండెను. తరువాతి ఆదివారమున ఆయన ఎంచుకొన్న వాక్యము 46వ కీర్తన పదియవ వచనము. దేవునికి మనమీద అధికారము కలదనియు, ఊరకుండి ఆయన చిత్తమునకు లోబడుట మన విధియనియు బోధించిరి. ఊరకుండుట అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. చెట్టు కొట్టివేసినవాడు మోడుకు నీరు పోయునట్లు మొదటినుండి మరల వ్రాయసాగిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడెను, తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను.

అంతకంటె కఠినమైన దినములు ముందున్నవి. 1821లో రెండవ భార్య షార్లటమ్మ, 1822లో కృష్ణపాల్, అదే సంవత్సరము పెద్దకుమారుడు ఫీలిక్సు, 1823 మార్చిలో ఆప్తుడగు వార్డుగారు, ఒకరి వెంట ఒకరు ప్రభువునొద్దకు పోయిరి. ఆ అక్టోబరులో కేరీగారు కలకత్తానుండి రాత్రివేళ తిరిగి వచ్చి పడవ దిగుచు కాలు జారి పడిరి. తొడకు గట్టి దెబ్బ తగిలి జ్వరము వచ్చెను. మంచముమీద నుండగానే దామోదర నది గట్టు తెగి హుగ్లీ పొంగెను. ఏ తోటలో ప్రార్థించి ఓదార్పు పొందిరో ఆ తోటయే నీట మునిగెను. పెద్ద చెట్లు తప్ప దాదాపు సమస్తమును చచ్చెను. ఏటిగట్టు కోసుకొని పోవుచుండగా ఆయనను ఆ యింటనుండి మోసికొని పోవలసివచ్చెను.

ప్రియులారా, ఆయన సమాధానము మొక్కలలోనే ఉండినయెడల ఆ వరదలో అదియు కొట్టుకొని పోయియుండును. కొన్ని నెలలు ఊతకర్రలతో నడచి, కుంటుచునే తోటలోనికి పోయి, మరల విత్తనములు తెప్పించి నాటించిరి.

ఆ విత్తనములను గూర్చి ఒక చిన్న సంగతి. ఒకప్పుడు ఇంగ్లాండునుండి వచ్చిన సంచిని ఖాళీ చేసి, అడుగున మిగిలిన మట్టిని గూడ వృథా పోనీయక తోటలో ఒక మూల దులిపిరి. కొన్ని దినములకు అక్కడ డెయిజీ మొలచెను. అది ఆయన స్వదేశములో గడ్డిలో పశువులు త్రొక్కు పూవు, ఎవరును విత్తనముగా పంపనిది. దాదాపు ముప్పది యేండ్లుగా చూడని ఆ పూవును చూచి ఆయన పొందిన సంతోషము ఆయన ఉత్తరమువలన తెలియుచున్నది. ఆ మొక్కను ఏటేట గింజ తీసి కాపాడుకొనిరి.

చివరి సంవత్సరమున నడవలేకపోయినప్పుడు చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి తోటలోనికి తీసికొనిపోయెడివారు. అదియు కష్టమైనప్పుడు పెద్ద తోటమాలి దినదినము గదిలోనికి వచ్చి మొక్కల క్షేమము చెప్పెడివాడు. తాను పోయిన తరువాత మార్ష్‌మన్‌గారు తోటలోనికి ఆవులను తోలునని కేరీగారికి దిగులు కలుగగా, మొక్కల శాస్త్రము తనకు రాకపోయినను ఆ తోటను కాపాడుట పవిత్రమైన విధిగా ఎంచుదునని మార్ష్‌మన్‌గారు మాట యిచ్చిరి. 1834 జూన్ 9 ఉదయమున కేరీగారు ప్రభువునందు నిద్రించిరి.